ఆన్సీ సరస్సు: పరాయి తావున చిత్రకారుని చూపు



సుందర ప్రదేశమును చూచి చిత్రకారుడు ముగ్ధుడగుట, ఆ ముగ్ధతయే చిత్రముగా పరిణమించుట లోకమెరిగిన విషయము. కాని కంటికెదురైన సౌందర్యమును ఉన్నదున్నట్లు అంగీకరింపక, దానితో పెనుగులాడి, ఉత్తమ చిత్రమును సృష్టించినవాడు పాల్ సెజాన్. ఆ చిత్రము పేరు ‘ఆన్సీ సరస్సు’.

సెజాన్ 1839లో దక్షిణ ఫ్రాన్సునందలి ఎక్స్ పట్టణమున జన్మించెను. ఎండకు కాగిన ఎఱ్ఱనేల, సున్నపురాతి కొండలు, పైన్ వృక్షములు అతని కన్నులకు చిన్ననాటి నుండియు అలవడిన దృశ్యములు. 1896 వేసవిలో, 57 ఏండ్ల వయస్సున, మధుమేహపీడితుడై, భార్యాపుత్రులతో గూడి ఆల్ప్సు ప్రాంతమునందలి తల్వార్ గ్రామమునకు విశ్రాంతికై వెళ్లెను. ఎదుట ఆన్సీ సరస్సు. చుట్టును ఉన్నతములైన కొండలు. సరస్సు బాగుగనే యున్నదని అతడొప్పుకొనెను. అయినను, విహారయాత్రకు వెడలిన పడుచులు తమ ఆల్బములలో గీసికొను ప్రకృతివలె నున్నదని మిత్రుడు గాస్కేకు వ్రాసెను. ఎక్స్‌లో నున్నపుడు మరియొక చోటు మేలని తోచెననియు, ఇచటికి వచ్చిన పిదప ఎక్స్‌పైననే మనస్సు పోవుచున్నదనియు, విసుగు పోవుటకై చిత్రించుచున్నాననియు బాల్యమిత్రుడు సొలారీకి తెలిపెను.

ఆ విసుగునుండి పుట్టిన చిత్రము నేడు లండనులోని కోర్టాల్డ్ చిత్రశాలయందున్నది. వెడల్పు 81, ఎత్తు 65 సెంటీమీటర్లు మాత్రమే. ఎడమవైపున స్తంభమువలె ఒక మహావృక్షము; దాని కొమ్మలు పైభాగమున చాందినీవలె వ్రాలినవి. ఆవలి ఒడ్డున ప్రాచీన దుర్గము. కొండలు, ఆకులు, నీరు అన్నియు నీలహరిత వర్ణములు; చెట్టుబోదెమీదను, దుర్గముమీదను మాత్రము వెచ్చని వెలుగు. నీటిలోని ప్రతిబింబములు అలలతో చెదరక, నిలువు కంబములవలె దిగియున్నవి. నీరు సైతము కొండవలె దృఢమైనది. చంచలమైన శోభను విడిచి, స్థిరమైన నిర్మాణమును అతడు గ్రహించెను. యాత్రికుల ఆల్బమునకు అతడిచ్చిన సమాధానమిదియే.

సెజాన్ 1906లో మరణించెను. మరుసటి యేడు పారిస్‌లో జరిగిన ప్రదర్శనమున అతని చిత్రములు యువకళాకారులను కదలించెను. పికాసో, బ్రాక్‌ల క్యూబిజమునకు అతని దృష్టియే ముఖ్యాధారము. ఆ తరంగము కలకత్తాను కూడ తాకినది. 1922 డిసెంబరులో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వారు ఈ నగరమున జర్మనీలోని బౌహౌస్ కళాకారుల చిత్రములను ప్రదర్శించిరి. క్లీ, కాండిన్‌స్కీల కృతులతోపాటు గగనేంద్రనాథ ఠాకూరు క్యూబిస్టు చిత్రములును అందు చోటుచేసికొనినవి. అయినను గగనేంద్రుని కోణములలో వెలుగునీడలు వంగదేశపు ఇండ్లవి, మెట్లవి, ద్వారములవి, పారిస్‌వి కావు.

ఆంధ్రుడైన దామెర్ల రామారావు బొంబాయిలో చిత్రకళ నభ్యసించి, రాజమహేంద్రవరమునకు మరలివచ్చి, గోదావరీతీరమును చిత్రించెను. 1925లో, ఇరువది యెనిమిదేండ్లు నిండకుండగనే అస్తమించెను.

మరలిపోవు భాగ్యము అందరికిని ఉండదు. ఉద్యోగధర్మము ఒకనిని గోదావరి నుండి హుగ్లీకి చేర్చును. సాయంకాలము గట్టుపై కూర్చున్నవానికి ఈ నీటిలో ఆ నీరు తోచుట సహజము. పుట్టినచోటును సెజాన్ మరువలేదు. మరువకయే ఎదుటి సరస్సును శ్రద్ధతో చూచెను. బెంగ అతని చూపును మూయలేదు, పదును పెట్టినది. పరాయి నేలపై నివసించువారికి ఆ చిన్న చిత్రము చెప్పు మాట ఇదియే.