మూర్ఛకు తాళంచెవి కాదు, గడియారం కావాలి



నేను డాక్టరును కాను. జీవితమంతా టపా రిజిస్టర్లు రాసిన గుమస్తాను. అయినా ఈ విషయం మాట్లాడతానని నేనే అడిగాను.

సర్వీసులో ఉండగా మా సెక్షన్ అటెండరు కుర్రాడికి మూర్ఛ వచ్చింది. బీరువా తాళాలగుత్తి అతని చేతిలో పెట్టింది నేనే. అదే తగ్గుతుందని అరగంట చూశాం. ఆసుపత్రిలో ఎన్ని ఇంజక్షన్లిచ్చినా మర్నాటిగ్గాని ఫిట్స్ ఆగలేదు. ప్రాణం దక్కింది కాని, జ్ఞాపకశక్తి మునుపటిలా లేదు. మందు ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్న నన్ను వదలలేదు. ఫార్మసీ చదివే మా మనుమరాలు జవాబు చెప్పింది.

మెదడు కణాల మధ్య కబుర్లు రసాయనాలుగా నడుస్తాయి. వాటిని అందుకునేవి రిసెప్టర్లు. మన ఇన్‌వార్డు కౌంటర్ల వంటివి. 'గాబా' అనే రసాయనం తెచ్చే కబురు 'శాంతించు' అని. మూర్ఛను ఆపే డయాజిపామ్ ఆ గాబా రిసెప్టర్ల మీదే పనిచేసి, ఆ కబురుకు బలమిస్తుంది.

అమెరికాలో జయదీప్ కపూర్, రాబర్ట్ మాక్డొనాల్డ్ మూర్ఛ తెప్పించిన ఎలుకలపై చేసిన పరిశోధనను 1997లో ప్రచురించారు. పది నిమిషాలకు ఇచ్చినప్పటికన్నా 45 నిమిషాలకు ఇచ్చినప్పుడు డయాజిపామ్ దాదాపు పదింతలు కావలసి వచ్చింది. కారణం 2005 నాటి పరిశోధనల్లో కనిపించింది. మూర్ఛ ఆగకుండా సాగితే కణం తన గాబా రిసెప్టర్లను లోపలికి లాగేసుకుంటోంది. గంటసేపటికి కణాలు కలిసేచోట అవి సుమారు సగమయ్యాయి. పైగా, ఉద్రేకం పెంచే 'ఎన్‌ఎండీఏ' రిసెప్టర్లు పెరుగుతున్నాయి. కౌంటరు మూశాక టపా తెచ్చి ఏం లాభం?

ఎలుకల లెక్క మనుషులకు యథాతథంగా వర్తించదు. కాని ఆలస్యమైన మూర్ఛ మందుకు లొంగదన్నది డాక్టర్ల అనుభవమే. అందుకే ఒళ్ళంతా కొట్టుకునే మూర్ఛ 5 నిమిషాలు దాటితే అత్యవసరమని అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2015లో నిర్ణయించింది.

పక్షవాతం తర్వాత మన వయసులోనూ మూర్ఛ రావచ్చు. కనుక గుర్తుంచుకోండి. ముందు గడియారం చూడండి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు, గట్టిగా అదిమి పట్టుకోవద్దు. మొదటిసారి వచ్చినా, 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయండి. ఇంట్లో రోగి ఉంటే, ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే గురించి డాక్టరును ముందే అడిగి ఉంచుకోండి.

ఆనాడు మా గోడ మీద గడియారం ఉంది. నేను దానివైపు చూడలేదు. మీరు చూడండి. సెలవు.