అసలు మాట – నకలు మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



తాళపత్ర గ్రంథములు చేతివ్రాతతో వ్యాపించిన కాలమున ప్రతి నకలునందును ఏదో యొక మార్పు చేరెడిది. అందుచేతనే సి.పి. బ్రౌను దొర వేమన పద్యములకు పెక్కు ప్రతులు సేకరించి, పండితులచే సరిచూపించి, 1829లో అచ్చువేయించెను. ఆ పాఠభేదముల కథయే నేడు సెల్లుఫోను తెరలపై చలనచిత్ర సంభాషణల విషయమున మరల జరుగుచున్నది.

1942 నాటి 'కాసాబ్లాంకా' చిత్రమున నాయిక, వాద్యకారుడగు శామును పాట వాయింపుమని కోరును. "మరల వాయించు, శామ్" అను వాక్యము మాత్రము అందెచ్చటను లేదు. అయినను లోకము దానినే పట్టుకొనెను. 1969లో వుడీ ఆలెన్ తన నాటకమునకు ఆ వాక్యమునే పేరుగా పెట్టెను. 1980 నాటి 'స్టార్ వార్స్' చిత్రమున ప్రతినాయకుడు "కాదు, నేనే నీ తండ్రిని" అనును. జనుల నోట అది "లూక్, నేనే నీ తండ్రిని" అయినది. ముందుమాట విన్నవారికే 'కాదు' అనుట అర్థమగును. సందర్భము తెగిన పిదప ఎవరితో పలికెనో తెలియుటకు పేరు కావలసివచ్చెను. జ్ఞాపకము భావమును నిలుపుకొని అక్షరమును జారవిడుచును.

ఇవి తెలియక జరిగిన మార్పులు. తెలిసి చేయునవి వేరు. 2001 నాటి 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చిత్రమున, మోర్డోర్ దేశమునకు ఊరక నడచిపోజాలరని బోరొమిర్ హెచ్చరించును. ఆ వాక్యపు మొదలుంచి తుద మార్చి, పరీక్షకో పెండ్లికో అన్వయించి నవ్వుకొందురు. మన బ్రహ్మానందము ముఖచిత్రముల క్రింద ఆయన పలుకని మాటలు చేర్చుటయు నిట్టిదే. సమస్యాపూరణమున తుది పాదము నిలిచి మొదలు పూరింపబడును. ఇచట మొదలు నిలిచి తుద మారును. దీనిని మీమ్ అందురు. ఆ పదమును 1976లో రిచర్డ్ డాకిన్స్ అనుకరణార్థకమగు గ్రీకు పదము నుండి కల్పించెను.

ఒక బొమ్మ, ఒక వాక్యము. చూచినవాడు మూలము వెదకడు, నవ్వి మరియొకరికి పంపును. తప్పని ఖండించువాడును దానినే మరల చూపవలసియుండుటచే తానును ప్రచారకుడే యగును.

వినోదమున దోషము లేదు. కాని ఆ త్రోవనే గంభీరమైన మాటలును వచ్చుచున్నవి. "లోకమున కోరు మార్పు నీవే కమ్ము" అను వాక్యము గాంధీజీ బొమ్మతో ఊరూర తిరుగుచున్నది. ఆ రూపమున అది ఆయన రచనలలో లేదు. మనము మారినచో లోకపు పోకడయు మారునని, లోకము కొరకు వేచియుండ పనిలేదని 1913లో ఆయన విపులముగా వ్రాసెను. ఇట మార్పు స్వల్పమే. కాని భావమునే తలక్రిందు చేసి, పెద్దల పేరిట ద్వేషము పలికించు నకళ్లును ఇదే దారిన రాగలవు. అపుడు మోసపోవునది చదువరి. చెడునది ఊరి పొందిక.

గ్రామలెక్కలలో నకలు అసలుతో సరిపోవనిదే చెల్లదు. అసలు దొరకు చోటు గ్రంథాలయము. నవ్వుటకు నకలు చాలును. నమ్ముటకు అసలు చూడవలయును. ఇందుకై ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!