కల్పేని తీరాన ఒక పగలు

కొచ్చి నుంచి లక్షద్వీప్‌కు సాగే ఓడయాత్రలో రాత్రుళ్లు ఓడలో, పగళ్లు దీవుల్లో గడుస్తాయి. వాటిలో ఒకటైన కల్పేని దగ్గర ఓడ ఒడ్డుదాకా రాదు. పగడపు దిబ్బల అవతల, లోతు నీళ్లలోనే ఆగుతుంది. ఊగే చిన్న పడవలోకి పిల్లల్నీ పెద్దవాళ్లనీ చెయ్యి పట్టి దించాలి.

దిబ్బ దాటగానే ముదురు నీలం నీళ్లు లేతాకుపచ్చగా మారతాయి. ఒడ్డున పిల్లలకు మోకాలి లోతే.

అక్కడ గుప్పెడు ఇసుక తీసి చూడండి. మన గోదావరి ఇసుకలా రాతిపొడి కాదది. పగడాలు, గవ్వలు అరిగిన తెల్లటి పొడి. చిలుక చేపలు పగడపు రాతిని కొరికి, నమిలి, ఇసుకగా విసర్జిస్తాయి! ఈ సంగతి చెబితే పిల్లలకు ఆ పూటంతా చేపల వెతుకులాటే. తూర్పు ఒడ్డున పగడపు రాళ్ల గుట్టలున్నాయి. 1847 నాటి తుఫాను విసిరేసినవంటారు.

పగడం ప్రాణమున్న జీవి. దయచేసి దానిమీద కాలు మోపకండి. ముక్కైనా సంచిలో వేసుకోకండి, చట్టం ఒప్పదు. దీవికి వెళ్లడానికి ముందస్తు అనుమతి కూడా తప్పనిసరి.

సాయంత్రం పడవ బయల్దేరే వేళకు తడిబట్టలు పిండుకుని, పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టుకుని ఎక్కండి.