పసిపిల్లతో సినిమాకి

(రేడియో ప్రసంగ పాఠం)



సినిమా హాలు వరండా ఎలా ఉంటుందో మగవారిని అడిగి చూడండి, చెప్పలేరు. ఇంటర్వెల్లులో సోడా తాగడానికి తప్ప వాళ్లకి దానితో పనేముంది? మనలో చాలామందికి మాత్రం ఆ వరండా గోడమీద ఏ పోస్టరు ఎక్కడుందో కంఠతా వచ్చు. ఒళ్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ముందువరసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఇంటాయన, "కాస్త బయటికి తీసుకెళ్లరాదూ" అంటారు. తలుపు తోసుకుని బయటికి రావడం మనవంతు. బిడ్డని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉంటే లోపల పాట అయిపోతుంది, ఫైటింగు అయిపోతుంది. జరిగిన కథ ఏమిటని దారిలో అడిగితే ఆయన మూడు ముక్కల్లో తేల్చేస్తారు.

అందుకే ఈవేళ మీకు డ్రైవ్-ఇన్ సినిమా గురించి చెబుదామనుకున్నాను. అంటే ఆరుబయట పెద్ద తెర కట్టి ఉంటుంది, ఎవరి కార్లో వాళ్లు కూర్చుని చూస్తారు. కార్లున్నవాళ్ల సరదా మనకెందుకులే అనుకోకండి. అది పుట్టిందే ఒక తల్లి కోసమని చెబుతారు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయన ఉండేవాడు. తండ్రికి మోటారు సామాన్ల వ్యాపారం. ఈయన తల్లిది భారీ శరీరం. సినిమా హాలు కుర్చీలో పట్టక అవస్థపడేదట. ఆవిడ కారు సీట్లో హాయిగా కూర్చుని సినిమా చూస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది కొడుకుకి. ఇంటిముందు చెట్లకి దుప్పటి కట్టాడు. కారు బానెట్ మీద ప్రొజెక్టరు పెట్టాడు. శబ్దం కోసం దుప్పటి వెనకాల ఏం పెట్టాడనుకున్నారు? రేడియో! వానొస్తే ఎలాగన్న అనుమానం తీర్చుకోవడానికి తోటకి నీళ్లు చిమ్మే యంత్రాన్ని కారుమీదికి తిప్పి చూశాడు.

అసలు చిక్కు వేరే ఉంది. ముందు కారు వెనక కారుకి అడ్డం. నేలని వరసలు వరసలుగా మిట్టలు పోసి, ముందు చక్రాలు మిట్టమీద నిలబడేటట్టు చేస్తే కారు మూతి పైకి లేస్తుంది, ముందు కారు మీదుగా తెర కనిపిస్తుంది. ఈ ఏర్పాటుకి 1933 మే నెలలో పేటెంటు తెచ్చుకున్నాడు. జూన్ 6న కామ్‌డెన్ పట్టణం దగ్గర హాలు తెరిచాడు. కారుకి పావు డాలరు, మనిషికి పావు డాలరు. ఎంతమంది ఎక్కినా మొత్తంమీద డాలరుకి మించదు. పిల్లలు ఎంత గోల చేసినా ఇంటిల్లిపాదీ రావచ్చునన్నది ఆయన ప్రకటన సారాంశం. ఏ హాలువాడైనా మనతో ఇంత మాట ఎప్పుడైనా అన్నాడా?

ఆ మిట్టల సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన టూరింగ్ టాకీసుల్లో నేల టిక్కెట్టువాళ్లు చేసింది అదేగా! ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డమొస్తున్నాయని ఇసుక కుప్పగా పోగు చేసుకుని దానిమీద ఎక్కి కూర్చునేవారు. వాళ్లెవరూ పేటెంటు అడగలేదు. 1949లో అక్కడి కోర్టు కూడా ఇంచుమించు ఈ మాటే అంది. హాల్లో కుర్చీలని ఏటవాలుగా వేసినట్టే కార్లని నిలబెట్టాడు, ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదంటూ పేటెంటు చెల్లదని తేల్చింది. ఆ తర్వాత ఇక అడ్డేముంది? యుద్ధం అయిపోయింది, పెట్రోలు రేషను పోయింది, ఇంటింటా పిల్లలు. 1958 నాటికి అమెరికాలో ఇలాంటివి నాలుగువేలకి పైగా ఉండేవి. తెర కింద పిల్లలకి ఉయ్యాలలూ జారుడుబల్లలూ. కొన్నిచోట్ల పాలసీసా వేడిచేసి ఇచ్చే ఏర్పాటు కూడా ఉండేది. పిల్లలకి రాత్రి బట్టలు తొడిగి మరీ తీసుకొచ్చేవారు, నిద్రపోతే అలాగే ఇంటికి మోసుకుపోవచ్చుగా.

రెండేళ్ల కిందట మా అమ్మాయి పురిటికి పెన్సిల్వేనియా వెళ్లినప్పుడు నేనూ చూశాను. ఆ రాష్ట్రంలోనే 1934లో తెరిచిన షాంక్‌వీలర్స్ అనే డ్రైవ్-ఇన్ ఇంకా నడుస్తోంది. మేం వెళ్లింది ఇంకోదానికి. మనవడికి నాలుగో నెల. అల్లుడుగారు కారుని వెనక్కి తిప్పి నిలబెట్టి, వెనక తలుపు పైకెత్తి దిళ్లు వేశారు. నాకు మోకాళ్ల నొప్పులు, కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మాటలు కారు రేడియోలో ఫలానా నంబరు మీద వినిపిస్తాయి. పూర్వం కిటికీకి తగిలించే చిన్న స్పీకరు ఇచ్చేవారట. మేం పులిహోర పట్టుకెళితే బయటి తిండికి వేరే రుసుము కట్టమన్నారు. ఇదేం చోద్యమని విసుక్కున్నాను గానీ, టిక్కెట్టు డబ్బులో ఎక్కువ భాగం సినిమా ఇచ్చినవాళ్లకే పోతుందనీ, హాలువాడు బతికేది క్యాంటీను మీదేననీ అల్లుడుగారు చెప్పాక ఊరుకున్నాను.

సినిమా మధ్యలో మనవడు రాగం ఎత్తుకున్నాడు. అలవాటుగా నేను చెప్పులు వెతుక్కున్నాను. "ఎక్కడికమ్మా?" అంది మా అమ్మాయి. నిజమే, ఎక్కడికి? ఒక్కరూ మావైపు తిరగలేదు. పాలిస్తూనే సినిమా చూసింది. ప్రసవం అయ్యాక అది మొదటినుంచి చివరిదాకా చూసిన మొదటి సినిమా అదే.

మరి అంత బాగుంటే నాలుగువేలు కాస్తా ఇప్పుడు సుమారు మూడువందలకి ఎందుకు పడిపోయాయంటారా? పొద్దుగుంకితేగాని ఆట మొదలవదు. 1967 నుంచి అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ వేసవిలో గడియారం గంట ముందుకి జరపడంతో ఆట మరీ ఆలస్యమైంది. తొమ్మిదింటికి మొదలైతే బడిపిల్లలు మేలుకుంటారా? ఇంట్లోకి రంగుల టీవీ, వీడియో వచ్చాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ స్థలాలది. ఊరవతల చౌకగా కొన్న పొలం ఊరు పెరిగేసరికి బంగారమైంది. 2020లో కరోనా వచ్చి హాళ్లు మూతపడ్డప్పుడు మాత్రం జనం మళ్లీ వీటికోసం వరస కట్టారు.

మన దేశానికీ ఇది కొత్తేం కాదు. అహ్మదాబాదులో 1973లో సన్‌సెట్ డ్రైవ్-ఇన్ వచ్చింది. అక్కడి రోడ్డుకి డ్రైవ్-ఇన్ రోడ్డనే పేరు స్థిరపడింది. మద్రాసు శివార్లలో సముద్రం పక్కన 1991లో ప్రార్థన వచ్చింది. బొంబాయిలో 2021లో ఏకంగా మేడమీదే పెట్టారు. వీటిలో నాకు నచ్చింది అహ్మదాబాదు పద్ధతి. కారు లేనివాళ్లు కూడా టిక్కెట్టు కొని ఆరుబయట కూర్చోవచ్చు. కార్లున్నవాళ్లూ కార్లో ఉండరట, చాప పరిచి డబ్బాలు విప్పుతారు. కారుంటేనే రావాలంటే మనలో ఎంతమంది వెళ్లగలం?

నన్నడిగితే మనకి కారూ అక్కర్లేదు, రేడియో నంబరూ అక్కర్లేదు. మునిసిపాలిటీవారి మైదానంలో శనివారం రాత్రి ఒక తెర, చాపలు వేసుకోవడానికి జాగా, వెలుతురున్న చోట ఆడవాళ్లకి శుభ్రమైన మరుగుదొడ్డి. చివరిది లేకపోతే మొదటి రెండూ ఉన్నా మనం వెళ్లం, ఆ సంగతి కమిటీలో ఉండే మగవారికి ముందే చెప్పాలి. మహిళా మండలివారు ఎవరైనా పూనుకుంటారేమో చూడండి.

ఇక పిల్లల దగ్గరకి విదేశం వెళ్లేవారికి రెండు మాటలు. వేసవి అయినా రాత్రి చలిగానే ఉంటుంది, శాలువా మరచిపోకండి. దోమల మందు పట్టుకెళ్లండి. ఇంజను ఆపి రేడియో పెట్టుకుంటే కొన్ని కార్లకి బ్యాటరీ దిగిపోతుంది, చిన్న రేడియో ఒకటి వేరుగా దగ్గర పెట్టుకోమని అల్లుడుగారితో చెప్పండి. ముందు టార్చిలైటు వెలగకుండా పిల్లల చేతిలోంచి తీసేసుకోండి, పసివాడి ఏడుపుకి తిరగనివాళ్లు దానికి మాత్రం తిరుగుతారు.

సెలవు.