సముద్రపు తొట్టెకు ఇంట్లో చేసిన రాయి



గాజు తొట్టెలో రంగురంగుల చేపలను పెంచే సరదా మనలో చాలామందికి వుంది. మంచినీటి తొట్టెతో చేయి తిరిగినవాళ్ళకు ఆ తరువాత ఉప్పునీటి తొట్టె మీదికి మనసు పోవడం సహజమే. నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలతో క్లౌన్ చేప ఈదుతూ వుంటే పిల్లలే కాదు, పెద్దలూ అలా చూస్తూ నిలబడిపోతారు. అయితే ఈ తొట్టె పెట్టేవారికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న చేప కాదు, రాయి. ఈనాటి ప్రసంగం ఆ రాయిని గురించే.

రాయి ఎందుకండీ, అంటారేమో. అందం కోసం మాత్రమే కాదు సుమా! చేపల మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. రాతి రంధ్రాలలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని మళ్ళీ అంతగా హాని చెయ్యని నైట్రేటుగా మారుస్తాయి. బెదిరిన చేపకు తలదాచుకునే చోటూ రాయే. సముద్రపు రాళ్ళూ, గాలి బుడగలూ వుంటే తొట్టె నడుస్తుందని ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో రాశారు. రాళ్ళతో నడిపే పద్ధతి పాకినకొద్దీ సముద్రం నుంచి తీసిన రాయి అంగడి సరుకైపోయింది.

ఇక్కడే మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. బండలా గుండ్రంగా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు, అటూ ఇటూగా పెరుగుతుంది. గునపంతో పెళ్ళగించడానికి ఒక పూట చాలు! తమిళనాడు దగ్గర మన్నారు సింధుశాఖలో 21 చిన్న దీవులు వుండేవి. సున్నానికీ, కట్టడాలకూ వాటి చుట్టూ వున్న పగడపు దిబ్బలను ఏళ్ళ తరబడి తవ్వుకుపోయారు. అలలను ఆపే గోడ పోయాక రెండు దీవులు నీట మునిగాయి. 1986లో ఆ ప్రాంతాన్ని జాతీయ పార్కు చేశారు. 2001లో రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే. అది తీసినా, అమ్మినా, కొన్నా నేరమే. కనుక మన తొట్టెకు రాయి మన చేతులతోనే చేసుకుందాం. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

కావలసినవి: సిమెంటు ఒక పాలు, ఆల్చిప్పల నలుగు, అంటే కోళ్ళ మేతలో కలిపే గుల్ల, రెండు పాళ్ళు, బాగా కడిగిన ఏటి ఇసుక ఒక పాలు, కల్లుప్పు ఒక పాలు. సిమెంటులో నీరు దిగకుండా చేసే మందులేవీ కలిసి వుండకూడదు. కల్లుప్పు ఎందుకంటే, రాయి గట్టిపడ్డాక అది నీళ్ళలో కరిగిపోయి, ఆ చోట రంధ్రాలు మిగులుతాయి. సూక్ష్మజీవులకు అవే గదులు.

ముందు సిమెంటు, గుల్ల, ఇసుక పొడిగా కలపండి. కొద్దికొద్దిగా నీళ్ళు చిలకరించండి. ఉప్పు చివర వేయండి, ముందే వేస్తే కరిగిపోతుంది. ముద్ద జారుగా వుండకూడదు. సున్నుండ పట్టినట్టు పిడికిట్లో పడితే నిలవాలి, అంతే తడి చాలు.

ఒక పాత ప్లాస్టిక్ టబ్బులో తడి ఇసుక పోసి, మధ్య గుంట చేయండి. అదే మన అచ్చు. గుంటలో ముద్దను పరచి, గుహలు కావలసినచోట తడి ఇసుక ఉండలు పెట్టి, వాటిమీద మళ్ళీ ముద్ద వేయండి. తరువాత ఆ ఇసుక కడిగేస్తే గుహలు మిగులుతాయి. అరచేత్తో నున్నగా మెత్తవద్దు. ఎంత గరుకుగా వుంటే అంత మేలు. బలానికని లోపల ఇనుప తీగ పెట్టకండి, తుప్పు పడుతుంది. రాగి తీగ అసలే వద్దు. రొయ్యలకూ, నత్తలకూ రాగి ప్రాణాంతకం.

ఒక హెచ్చరిక. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. రబ్బరు తొడుగులు వేసుకోండి. పొడి కలిపేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. చంటిపిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి.

రెండు రోజులు కదపకుండా వుంచి, రాయిని తీసి, వారం రోజులు తడి గోనెపట్టా కప్పి నీడలో పెట్టండి. ఆ తరువాత పెద్ద తొట్టెలో మంచినీళ్ళు పోసి మునిగేటట్టు వేయండి. అసలు పని ఇక్కడే వుంది. కొత్త సిమెంటు నానిన నీటిలో క్షారం ఎక్కువ, దాని పి.హెచ్. 12 దాటుతుంది. సముద్రపు నీటిది 8.1, 8.3 మధ్య. ఆ రాయి అలాగే వేస్తే చేపలు బ్రతకవు. అందుకని మొదట్లో రెండు మూడు రోజులకోసారి, తరువాత వారానికోసారి నీళ్ళు మారుస్తూ ఆరు నుంచి ఎనిమిది వారాలు నానబెట్టాలి. ఆ నీళ్ళు మొక్కలకు పోయకండి, ఉప్పూ క్షారమూ వుంటాయి. చివర నీళ్ళు మార్చకుండా మూడు రోజులు వుంచి పి.హెచ్. చూడండి. 8.4 దాటకపోతే రాయి సిద్ధమైనట్టే. దాటితే మరో రెండు వారాలు. చూడడానికి శుభ్రంగా వుంది గదా అని తొందరపడవద్దు.

రాయిని తొట్టె అడుగున గట్టిగా కూర్చోబెట్టి, ఆ తరువాతే ఇసుక పోయండి. గాజు గోడకు ఆనించకండి. నీళ్ళలో మాత్రం వంటింటి ఉప్పు పనికిరాదు. తొట్టెలకని అమ్మే సముద్ర లవణమే లీటరుకు సుమారు 35 గ్రాములు కలపాలి.

ఇక తోడు. పాలు కాచి వుంచినంత మాత్రాన పెరుగు కాదు గదా! మన రాయికీ తోడు వేయాలి. ఆరోగ్యంగా నడుస్తున్న ఉప్పునీటి తొట్టె ఎవరింట్లోనైనా వుంటే గుప్పెడు ఇసుకో, వడపోత స్పాంజి ముక్కో అడిగి తెచ్చి వేయండి. లేకపోతే అంగళ్ళలో సీసాలలో అమ్మే బాక్టీరియా వుంది. వాటి ఆహారానికి రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ వుండండి. సుమారు నాలుగు నుంచి ఆరు వారాలలో, పరీక్ష చేస్తే అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపుతాయి. అప్పుడే మొదటి చేప. అదీ ఒకటి రెండు మాత్రమే.

చేపను కొనేటప్పుడూ ఇదే ధర్మం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు క్లౌన్ చేపలను హేచరీలలో పుట్టించే పద్ధతి రూపొందించారు. అలా పుట్టినవేనా అని అడిగి కొనండి. సముద్రంలో పట్టినవైతే వద్దనండి.

అన్నీ కలిపి మూడు నాలుగు నెలల పని. ఇంత ఆలస్యమా అని విసుక్కోకండి. ఆవకాయ ఊరడానికి ఆగగలిగిన మనకు ఇది కష్టమా? నెలలు గడిచేకొద్దీ ఆ బూడిద రంగు రాయి మీద పచ్చని నాచు, కొన్నిచోట్ల గులాబీ పొర కూడా పట్టి, అది మీరు చేసిందంటే చూసినవాళ్ళు నమ్మరు. సముద్రంలోని రాయి సముద్రంలోనే వుంటుంది, మీ పిల్లల పిల్లలు చూడడానికి.