మన్యములో మా నాన్నగారు

మాడుగుల యనగానే పలువురు శ్రోతలకు హల్వా జ్ఞప్తికి వచ్చును. ఆ మాడుగుల కొండల దిగువ నున్నది. నేను చెప్పబోవునది కొండలమీది మాడుగులను గురించి. దాని పూర్తి పేరు గంగరాజు మాడుగుల, వాడుకలో జి.మాడుగుల. పూర్వము విశాఖపట్టణము జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2022 ఏప్రిలు 4వ తేదీనుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. నేడు కొత్తపల్లి జలపాతమును చూచుటకు యాత్రికులు ఉత్సాహముతో వచ్చుచున్నారు. నా బాల్యమున మైదానమునుండి ఇచ్చటికి బదిలీయైన ఉద్యోగి ఇంట కన్నీరు కనబడెడిది. కారణము మన్యపు జ్వరము.

మా నాన్నగారి జీవితమంతయు ఆ జ్వరముతోడి పోరాటముననే గడచినది. వారు గ్రంథములు వ్రాసినవారు కారు. సభలలో పూలదండలు వేయించుకొన్నవారు కారు. మలేరియా శాఖలో ఇల్లిల్లు తిరిగెడి చిన్న యుద్యోగి. అట్టివారిని గూర్చి చెప్పుటకు కుమార్తె తప్ప వేరెవరుందురు?

ఈ జ్వరము కొండనీరు పడనందున వచ్చునని కొందరు, చెడుగాలివలన వచ్చునని కొందరు అనుకొనెడివారు. మన సికిందరాబాదులోనే 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ ఒక జాతి దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. స్వాతంత్ర్యము వచ్చిననాటికి మన దేశమున ఏటేట ఏడున్నర కోట్లమంది దీని వాతబడుచుండిరని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనది. 1958లో అది నిర్మూలన కార్యక్రమముగా మారినది. మా నాన్నగారు అందులో చేరి మాడుగుల కొండలకు వచ్చిరి.

రాత్రివేళ లాంతరు చేతబట్టి, నన్ను గోడయొద్దకు పిలిచి, "చూడమ్మా, ఇది మామూలు దోమ. గోడకు సమముగా కూర్చుండును. అదిగో, తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చున్నదే, అది మన శత్రువు" అని చూపెడివారు. మురుగునీట పుట్టెడి దోమ వేరు, మా గెడ్డల అంచున నిర్మలముగా పారెడి నీటిలో పుట్టెడి దోమ వేరని నేను అక్షరములతోపాటు నేర్చుకొంటిని.

పదునైదు దినముల కొకసారి ప్రతి యిల్లు చూడవలెను. భుజమున సంచి, అందులో గాజుపలకలు, సూదులు, దూది, స్పిరిటు, మాత్రలు, ఒక పుస్తకము. జ్వరము వచ్చినవారి వ్రేలిపై పొడిచి, ఒక్క నెత్తురుబొట్టు గాజుపలకపై రాచి, పెద్దవారికి నాలుగు క్లోరోక్విను మాత్రలు మ్రింగించి, గోడమీద తేదీ వేసి సంతకము చేయవలెను. మా నాన్నగారి చేవ్రాలు గొప్ప దస్తావేజులపై లేదు. మట్టిగోడలపై నుండెను.

గూడెములవారు వారిని "జొరంబాబు" అని పిలిచెడివారు. పిల్లలు చేదుమాత్ర నుమిసివేయుదురని సంతలో బెల్లము కొని సంచిలో వేసికొనెడివారు. ముందు తామొక మాత్రముక్క నోట వేసికొని, ముఖము చిట్లింపక నమలి చూపిన పిమ్మటనే బిడ్డ నోటికి అందించెడివారు. ఆదివాసీ ఒడియా, కువి మాటలు కొన్ని నేర్చి, "నొప్పి యుండదు" అను మాటను మాత్రము ఏ భాషలోను చెప్పెడివారు కారు. "కొంచెము నొప్పి యుండును" అని చెప్పెడివారు. అందుకే వారి మాట నమ్మిరి.

ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లుట మరియొక పని. నెత్తురు త్రాగిన దోమ గోడపై వ్రాలి విశ్రమించును. గోడపై మందున్నచో చచ్చును. కాని పండుగకు గోడలను ఎఱ్ఱమన్నుతో అలుకుట గిరిజనుల ఆచారము. అలికినచో మందు మంటిక్రింద కప్పబడును. చైత్రమాసమున ఇటుకల పండుగ. పండుగ దినమును నిర్ణయించువాడు దిసారి. ఒక యేడు మా నాన్నగారు దిసారి ముంగిట కూర్చుండి బ్రతిమాలిరి.

"తల్లికి అలికిన ఇల్లు కావాలి గదా బాబూ!" అనెను ఆ వృద్ధుడు.

"కావాలి తాతా. నీ పండగ అయిన తరువాతే మందు తెస్తాను. ఆ పైన వానలు వెళ్ళేదాకా గోడ ముట్టవద్దని నువ్వే చెప్పు. నా మాటకంటె నీ మాట గొప్పది."

దిసారి చెప్పెను, ఊరు వినెను. కాని పైవారి కార్యక్రమపట్టికలో ఆ గూడెముల వరుస మార్పించుటకు మా నాన్నగారికి రెండేండ్లు పట్టినది. "ఊరిని ఒప్పించుట సులువమ్మా, కాగితమును ఒప్పించుటయే కష్టము" అని నవ్వెడివారు.

ఆ నవ్వు మా యింట కొంతకాలము వినబడలేదు. నాకొక అన్న యుండెడివాడు. ఒక వర్షకాలమున జ్వరము తలకెక్కి మూడవనాడే కన్నుమూసెను. నాన్నగారు అప్పుడు గెడ్డ పొంగి దూరపు గూడెమున చిక్కుకొనియుండిరి. తిరిగివచ్చిన తండ్రితో మా అమ్మ, "ఊరందరి బిడ్డలకు మందిచ్చిన చేయి మన బిడ్డకు అందలేదు గదండీ!" అనెను. వారు బదులు చెప్పలేదు. ఆ యేడే మైదానమునకు పోవు అవకాశము వచ్చినది. నిర్ణయమును మా అమ్మకే విడిచిరి. ఆమె రెండు దినములు మాటాడలేదు. మూడవనాటి ఉదయము సంచి దులిపి, గాజుపలకలు తుడిచి, గుమ్మమునొద్ద పెట్టెను. ఆ సంచిని చూచి నాన్నగారు ఏడ్చిరి. వారు ఏడ్చుట నేను చూచిన దదియొక్కటే సారి.

1961లో దేశమంతటను మలేరియా రోగుల సంఖ్య సుమారు 50 వేలకు దిగినది. జ్వరము పోయినదని పలువురు సంతోషించిరి. శ్రద్ధ సడలినది, దోమలు మందునకు లొంగకపోయినవి. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలు దాటినది. నాన్నగారు మాత్రము సంతోషపు దినములలోను సంచి దింపలేదు. "జ్వరము పోలేదమ్మా, మనము చూచుట మానినాము" అనెడివారు. ఆ మాట జ్వరమునకే కాదు, అనేక దుఃఖములకు వర్తించునని నాకు తరువాత తెలిసినది.

వారు పండువయస్సున పరమపదించిరి. కబురు గూడెములకు ఎట్లు చేరినదో తెలియదు. పదునొకండవనాటికి చోళ్ళు, చింతపండు, అడ్డాకులు మోసికొని జనులు వచ్చిరి. ఒక ముసలివాడు తన వ్రేలిని నాకు చూపి, "ఎన్నిసార్లు పొడిచాడో మీ అయ్య! ఇంక ఎవరు పొడుస్తారు తల్లీ?" అని నవ్వుచు ఏడ్చెను.

ఇప్పుడు ఆ పని చేయుచున్నవారిలో ఆశా కార్యకర్తలు ముఖ్యులు. వ్రేలినుండి తీసిన నెత్తురుబొట్టు కొలది నిమిషములలోనే ఫలితము చెప్పుచున్నది. మందు పూసిన దోమతెరలు వచ్చినవి. 2030 నాటికి మలేరియాను తుదముట్టింపవలెనని దేశము సంకల్పించినది. సాధనములు మారినవి, కాని గడపగడపకు నడిచెడి మనుష్యుడు లేక ఏ సాధనమును గడప దాటదు. మీ యింటికి అట్టివారెవరైన వచ్చినచో, పనియున్నదని త్రిప్పిపంపక, కూర్చుండుటకు పీట వేయుడు, త్రాగుటకు మంచినీళ్ళిండు. వారి యింటను ఒక బిడ్డ ఎదురుచూచుచుండును.