రంగు పట్టిన గాజు పలక
(ప్లాటినం జూబ్లీ సభలలో పూర్వ విద్యార్థుల గోష్ఠియందు ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలలో పాఠశాల చరిత్రను వినిపించడం ఆనవాయితీ. ఆ బాధ్యతను నాకంటె పెద్దలు నిర్వహిస్తున్నారు గనుక, నేను ఒక యంత్రాన్ని గురించి మాట్లాడదలచాను. మన పూర్వ విద్యార్థిని ఒకామె ఆసుపత్రి ప్రయోగశాలలో, కణజాల పరీక్షల విభాగంలో పనిచేస్తున్నది. గాజు పలకలకు రంగులు పట్టించే స్వయంచాలక యంత్రాన్ని అక్కడ కొనదలచారట. "మేడం, ఏది ఎంచుకోవాలో మా పెద్దలకు తెలుగులో వివరించాలి, మాటలు కూర్చిపెట్టండి" అని అడిగింది. విజ్ఞానశాస్త్రం బోధించిన నాకు ఇంతకంటె ఇష్టమైన పని ఏముంటుంది?

మనవాళ్లు ముక్క పరీక్ష అనే బయాప్సీలో, శరీరం నుండి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో నిలువచేసి, ఆల్కహాలుతో నీరు తొలగించి, జైలీన్ మీదుగా మైనంలోకి చేరుస్తారు. ఆ మైనపు దిమ్మెను మైక్రోటోముతో 3 నుండి 5 మైక్రాన్ల మందాన కోస్తారు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. అంత పలుచని పొర సూక్ష్మదర్శిని కింద దాదాపు పారదర్శకంగా ఉంటుంది. రంగు పడితేగాని వైద్యునికి ఏమీ తెలియదు. వాడుకలో ఉన్న రంగులు ముఖ్యంగా రెండు. హెమటాక్సిలిన్ మెక్సికో ప్రాంతపు ఒక చెట్టు చేవ నుండి వస్తుంది. ఇయోసిన్‌ను 1870లలో జర్మన్ రసాయనవేత్త హైన్‌రిఖ్ కారో తయారుచేశాడు. మొదటిది పటిక సాయం లేనిదే కణ కేంద్రకాన్ని పట్టుకోదు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం మీద పటిక పూసిన చోటనే ఎరుపు నిలుస్తుందని మీకు తెలుసు. సూత్రం ఒక్కటే. మన అద్దకపువారి విద్య ఆసుపత్రి గదిలో కూడ పనికివచ్చిందని పిల్లలకు చెప్పినప్పుడు వారి కళ్లలో మెరుపు చూడాలి!

ఈ రంగుల తొట్లలో పలకల బుట్టను ముంచి, ఎత్తి, మరొక తొట్టిలో ముంచడమే యంత్రం చేసే పని. కొన్ని యంత్రాలలో బుట్టలు వరుసగా, ప్రతి తొట్టిలో సమాన కాలం నిలుస్తూ సాగుతాయి. మరికొన్నింటిలో ఒక యాంత్రిక హస్తం ఏ బుట్టకు ఏ వరుస కావాలో ఆ వరుసలో నడిపిస్తుంది. ఒక్కొక్క పలక మీద కొత్త రంగును చుక్కలుగా వేసేవి ఇంకొక రకం. వీటిలో ఒక పలక మీది కణాలు వేరొక పలకకు అంటే భయం తక్కువ, ఖర్చు ఎక్కువ. అమ్మేవారి పుస్తకంలో ఇవన్నీ రంగుల బొమ్మలతో ఉంటాయి. ఉండనివి మన నీరు, మన కరెంటు, మన ఎండ.

నీటి సంగతి చూడండి. హెమటాక్సిలిన్ ఆమ్లంలో ఎరుపుకు తిరుగుతుంది, స్వల్ప క్షారంలో నీలమవుతుంది. లిట్మస్ కాగితం పాఠమే. ఆ నీలం రావడానికి పలకలను కుళాయి నీటిలో కడుగుతారు. ఒకచోట బోరు నీరు, ఒకచోట గోదావరి నీరు, వేసవిలో ట్యాంకరు నీరు. నీరు మారితే రంగు మారవచ్చు. అందువల్ల డబ్బు చెల్లించక మునుపే తమ నీటితో యంత్రాన్ని నడిపించి చూపమనాలి. ఒకే దిమ్మె నుండి పది పలకలు చేతితో, పది పలకలు యంత్రంతో రంగు వేయించి, ఏది ఏదో చెప్పకుండా వైద్యుని ముందుంచాలి.

పలకలు ఆమ్లం కలిపిన ఆల్కహాలులో ఉండగా కరెంటు పోతే? అక్కడ ఉండవలసినది కొన్ని క్షణాలే. ఆలస్యమైతే పట్టిన రంగంతా కరిగిపోతుంది. బుట్టను ఎత్తి సురక్షిత స్థానంలో ఉంచడానికి బ్యాటరీ ఉన్నదా, ఎంతసేపు పనిచేస్తుందని అడగాలి. ఇక జైలీన్ ఆవిరి 30 డిగ్రీల దరిదాపులలోనే నిప్పు తగిలితే అంటుకోగలదు. నాందేడ్ వేసవి 40 దాటుతుంది. ఆవిరిని బయటికి పంపే గొట్టం లేని యంత్రం ఎంత చవకైనా వద్దు. రోజంతా ఆ గాలి పీల్చేది మన పిల్ల.

రంగులు ఎవరి దగ్గరనైనా కొనవచ్చునా, ఆ కంపెనీవే కొనాలా? మరమ్మతు చేసేవాడు ఏ ఊరి నుండి రావాలి? యంత్రం ధర ఒకసారి చెల్లిస్తాము, రంగుల ధర ప్రతి నెలా చెల్లిస్తాము. రోజుకు 30, 40 పలకలే వచ్చేచోట నేర్పుగల చేయి చాలునని, ఆ సొమ్ముతో మంచి మైక్రోటోము కొనడమే మేలని నా అభిప్రాయం. వందలుగా వచ్చేచోట యంత్రం కావలసిందే; సాయంకాలానికి అలసిన చేయి ఉదయపు చేయి వలె ఉండదు.

ఇంత చర్చ ఎందుకంటారా? సూదితో తీసిన ముక్క దారపు పోగంత ఉంటుంది. కోతలన్నీ పాడైతే ఆ తల్లికి మళ్లీ సూది, మళ్లీ దెగ్లూరు బస్సు, మళ్లీ కూలి పోయిన రోజు. మన సరిహద్దు జనం నాందేడ్‌లో 1988లో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాలకూ వెళ్తారు, నిజామాబాదుకూ వెళ్తారు. అనుమానం తీరకపోతే అవే గాజు పలకలను సంచిలో భద్రపరచుకొని హైదరాబాదు బస్సెక్కుతారు. అక్కడి వైద్యునికి రోగి మరాఠీ, తెలుగు, ఉర్దూ ఏ భాషలో చెప్పుకున్నా, పలక మీది నీలమూ గులాబీ రంగూ స్పష్టంగా ఉండాలి.

ఈ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద వ్రాసి ఆ అమ్మాయికి ఇచ్చాను. మీలో ప్రయోగశాలలలో పనిచేసేవారు నాకు తోచనివి ఏమైనా ఉంటే, భోజనాల వేళ ఆమెను కలిసి చేర్చవలసిందిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.